కాజాలమ్మ ఎర్ర దారాలు

కటింగ్ మాస్టరు మీద కసితోనే కాజాలమ్మ మొదటిసారి బైబిలు తెరిచింది. అప్పటికి ఆమెకు నలభై ఆరేళ్ళు. పెళ్ళినాడు ఎవరో ఇచ్చిన ఆ పుస్తకం ఇరవై నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఆమె చంకన ఎక్కి చర్చికి వెళ్ళి వస్తూనే ఉంది. పేజీల అంచులకు పూసిన బంగారు రంగు మాత్రం చెక్కు చెదరలేదు. ఎక్కడ తెరిచినా పేజీలు చిటచిటమంటూ విడివడేవి, అంత కొత్తగా ఉండేది.

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. పెళ్ళి గౌన్లూ కోట్లూ కుట్టే పెద్ద దుకాణం వెనక గదిలో పద్దెనిమిదేళ్ళు కాజాలు కుట్టింది. అన్నీ చేత్తోనే. బొత్తం కొలతకు గుడ్డను చీరి, చీరిన అంచు వెంబడి లావు దారం పరిచి, దాని మీద ముడి పక్కన ముడి బిగించుకుంటూ పోవాలి. ఒక్క ముడి వదులైనా నెల తిరక్కుండా కాజా నోరు తెరుస్తుంది. ఆమె కుట్టిన కాజా నోరు తెరిచిందని ఆ పద్దెనిమిదేళ్ళలో తిరిగొచ్చిన కోటు ఒక్కటీ లేదు. కాజాలమ్మ నోరూ అంతే, దేవుడు గట్టిగా కుట్టి పంపాడు అని దుకాణంలో నవ్వుకునేవాళ్ళు.

ఒకసారి ఒక పెళ్ళికూతురి గౌను కోసం తెల్ల లేసు వచ్చింది. ఆరు మీటర్లు. పువ్వులన్నీ ఒకే వైపు తలెత్తుకుని ఉండే రకం. ఇలాంటిది మళ్ళీ దొరకదని దుకాణం మేడం వంద జాగ్రత్తలు చెప్పి మాస్టరు చేతిలో పెట్టింది. కటింగ్ మాస్టరంటే ఆ దుకాణానికి ప్రాణం. మనిషి గుమ్మంలో నిలబడగానే టేపు తియ్యకుండా నడుము కొలత చెప్పేవాడు. చర్చిలో సంఘ పెద్ద కూడా ఆయనే. ఆదివారం ముందుకొచ్చి వాక్యం చదివేది ఆయనే.

ఆ సాయంత్రం మిషన్లన్నీ ఆగిపోయాయి. కాజాలమ్మ ఒక కోటుకి చివరి కాజా ముగిస్తూ మూల స్టూలు మీద కూచుని ఉంది. బల్ల దగ్గర కత్తెర చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. తలెత్తి చూసింది. మాస్టరు కోసిన లేసు ముక్కని నమూనా కాగితం మీద పరిచి నిలబడ్డాడు. ముక్క కింద నాలుగు వేళ్ళ మేర కాగితం బయటికి కనిపిస్తోంది. గౌను ముందు భాగం, అతుకు వెయ్యడానికి వీల్లేని చోటు. పొట్టిగా కోసేశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇద్దరి చూపులూ కలిశాయి.

"ఇంకా వెళ్ళలేదా నువ్వు?" అన్నాడు మాస్టరు.

"వెళ్తున్నా మాస్టారూ."

పాపం, మేడంకి ఎలా చెప్పుకుంటాడో అని జాలి పడుతూ ఇంటికి నడిచింది. భర్తతో కూడా అనలేదు. ఒకరి పొరపాటు మనం మోసుకు తిరగడం దేనికిలే అనుకుంది.

మర్నాడు పొద్దున్న లేసు కనపడలేదు. బీరువాలో లేదు, బల్ల కింద లేదు. "నిన్న ఆఖరున ఉన్నది ఈమే" అన్నాడు మాస్టరు, ఆమెకేసి చూడకుండా. మేడం ఆమె సంచి తీసి కటింగ్ బల్ల మీద బోర్లించింది. టిఫిను డబ్బా, కళ్ళజోడు పెట్టె, దువ్వెన, వాటి వెనకే రెండు వేళ్ళ వెడల్పున్న లేసు ముక్క బల్ల మీద పడ్డాయి. గౌను వీపున బొత్తాలు పట్టే దారపు ఉచ్చులు ఎలా నిలుస్తాయో చూడమని రెండు రోజుల కింద మాస్టరే చేతికిచ్చిన ముక్క అది. దాని మీద ఆమె వేసి చూసిన ఉచ్చు కూడా ఉంది.

"ఇది మీరే ఇచ్చారు కదా మాస్టారూ!"

"నేనా? ఎప్పుడు?" అన్నాడాయన.

ఆ రెండు మాటలూ ఆమె చెవిలో పడి అక్కడే ఉండిపోయాయి. నోరు విప్పి జరిగింది చెప్పింది. మాస్టరే పొట్టిగా కోశాడు, నా కళ్ళతో చూశాను అంది. గదిలో ఒకరిద్దరు నవ్వారు కూడా. మాస్టరు చేతిలో కొలత తప్పడమా! "ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి మీద నింద వేస్తున్నావా?" అని మేడం వాకిలి చూపించింది.

మాస్టరు అంతటితో ఊరుకుని ఉంటే ఆమె ఏడ్చి ఊరుకునేదేమో. ఆ ఆదివారం మాస్టరు వాక్యం చదవడానికి లేచి, దొంగతనం గురించిన ఆజ్ఞ ఏరి మరీ తీశాడు. 'దొంగ' అన్న మాట దగ్గర ఆగి, కళ్ళజోడు పైకి తోసుకుని, ఆమె కూచున్న వరసకేసి చూసి, మళ్ళీ చదివాడు. బెంచీ మీద ఆమెకు అటూ ఇటూ చోటు దానంతటదే పెరిగింది. బయటికొచ్చాక మెట్ల దగ్గర పదిమందీ ఉండగా దగ్గరికొచ్చి, "వాక్యం చదువుకో అమ్మా. చదివితే బుద్ధి మారుతుంది. నీ పుస్తకం చూస్తే నిన్ననే కొన్నట్టుంది" అన్నాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. జవాబు చెబుదామంటే ఆ పుస్తకంలో ఏముందో ఆమెకు ఒక్క ముక్క తెలియదు. తనని కొట్టిన కర్ర తన చంకలోనే ఉంది, అది తిప్పడం మాత్రం రాదు.

ఇంటికొచ్చాక భర్త చొక్కా చేతులు మడుచుకుని లేచాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, కోపం వస్తే మాట కన్నా హారను ముందు మోగే రకం. "ఇప్పుడే వెళ్ళి వాడి కాలరు పట్టుకుంటా" అన్నాడు.

"వద్దు. ఆ కాలరుకి కాజా నేనే కుట్టాను, పాడవుతుంది" అంది కాజాలమ్మ. తర్వాత పళ్ళు బిగించి, "చదవమన్నాడుగా. చదువుతా. వాడికోసమే చదువుతా" అంది.

మర్నాడు తెల్లవారుతూనే భర్త మొదటి బస్సు తియ్యడానికి వెళ్ళిపోయాక, వంటగదిలో కిటికీ కింద బల్ల తుడిచి, టీ గ్లాసు ఒక పక్క, ఎర్ర దారపు ఉండ ఒక పక్క పెట్టుకుని పుస్తకం తెరిచింది. మాస్టరు మొహాన కొట్టడానికి పనికొచ్చే మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎర్ర దారం పెట్టాలి. అదీ ఆమె పథకం. చదివింది అయిదో తరగతి. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదవాలి. మొదటి రోజు తెరిచిన చోట ఎవరికి ఎవరు పుట్టారో రెండు పేజీల నిండా ఉంది. పుట్టినవాళ్ళలో మాస్టరు పోలికలున్నవాడు ఒక్కడూ లేడు. రెండో రోజు కీర్తనల్లో పడింది. అక్కడ ఒకతను శత్రువు పళ్ళు విరగ్గొట్టమని దేవుణ్ణే అడుగుతున్నాడు! ఆమె గ్లాసు పక్కకి జరిపి మళ్ళీ చదివింది. అవును, పళ్ళే. పాస్టరు గారు ఇన్నేళ్ళలో ఇది ఒక్కసారీ చదవలేదే! ఒళ్ళంతా హాయిగా అనిపించింది. దారం తెంపి పెట్టింది. ఆ వారంలో కీర్తనల్లో పదకొండు దారాలు వేలాడాయి. శత్రువు అని ఉన్న ప్రతిచోటా "కటింగ్ మాస్టరు" అని పెట్టుకుని చదివేది.

అప్పుడొకరోజు కిటికీ అవతలి నుంచి గొంతు వినిపించింది.

"అది 'నశించును' కాదు, 'నశింపజేయుము'. మళ్ళీ చదువు."

పక్క వాటాలో ఉండే టీచరమ్మ. ముప్ఫై అయిదేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి మానేసిన మనిషి. కళ్ళకు పొరలొచ్చి చదువు పోయింది, చదివింది మాత్రం నోటికే ఉంది, గొంతులో బెత్తం కూడా పోలేదు. గోడ పట్టుకుని వచ్చి వంటగదిలో కుర్చీ లాక్కుని కూచుంది. పుస్తకం మీద చెయ్యి వేసి తడిమింది. వేళ్ళకు దారాలు తగిలాయి.

"ఏమిటివి?"

"గుర్తులు టీచరమ్మా."

"అన్నీ తిట్ల దగ్గరే ఉన్నాయే! ఎవర్ని చంపుదామని?"

దాచడం కుదరలేదు. కాజాలమ్మ జరిగిందంతా చెప్పింది. అయ్యో పగ మంచిది కాదమ్మా అంటుందనుకుంది. టీచరమ్మ తల ఊపి, "సరే. అయితే పద్ధతిగా చదువు. ఇలా అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా ఏరుకుంటే వాడు ఒక్క ఎదురు ప్రశ్న వేస్తాడు, నువ్వు నోరు వెళ్ళబెడతావు. వాడు ఏళ్ళ తరబడి చదివినవాడు" అంది.

"ఎలా చదవాలి మరి?"

"మొదటి పేజీ నుంచి. రోజూ ఒకే వేళ, ఒకే చోట. కొంచెమే, కానీ రెండుసార్లు. చదివాక పుస్తకం మూసి, ఎవరు ఎవరితో ఏమన్నారో నీ మాటల్లో ఒక్క వాక్యం రాయి. అంతే. నీకు ఒక కాజాకి ఎంతసేపు పడుతుంది?"

"పావుగంట."

"రోజుకి ఒక కాజా అంతసేపు. ఎక్కువ వద్దు. ఎక్కువ చదివినవాళ్ళు నాలుగో రోజు మానేస్తారు. నా కళ్ళ ఎదుట ఎంతమందిని చూశాననుకున్నావు."

అలా మొదలైంది. రూళ్ళ పుస్తకం ఒకటి కొన్నది. పొద్దున్నే భర్త తలుపు దగ్గరగా వేసి వెళ్ళిన చప్పుడుకి లేవడం, బల్ల తుడవడం, పావుగంట చదవడం, ఒక్క వాక్యం రాయడం. చదువుతున్నంతసేపూ టీచరమ్మ గోడ అవతల వింటూ ఉండేది. తప్పు చదివితే గోడ మీద తట్టేది. పగలంతా కాజాలమ్మ మూడు చిన్న దుకాణాల కోట్లు ఇంటికి తెచ్చుకుని కుట్టేది. ఒక్కో ముడి బిగిస్తూ మాస్టరు మెడ గుర్తు తెచ్చుకునేది. ఆ ఏడాది ఆమె కాజాలంత గట్టి కాజాలు చుట్టుపక్కల ఎక్కడా లేవని దర్జీలు చెప్పుకున్నారు.

తోడబుట్టినవాణ్ణి చంపిన మొదటివాడి కథ దగ్గర ఎర్ర దారం పడింది. తమ్ముణ్ణి గోతిలో తోసి తండ్రికి చొక్కా చూపించిన అన్నల దగ్గర ఇంకోటి పడింది. ఆ చొక్కా మీద నెత్తురు పూయడం చదివి, "గుడ్డని సాక్ష్యం పెట్టి అబద్ధం ఆడడం అప్పటినుంచే ఉందన్నమాట" అని రాసుకుంది. తర్వాత నియమాలొచ్చాయి, బలులొచ్చాయి, ఆవలింతలొచ్చాయి. మానేద్దామనుకుంటున్న రోజున యాజకుడి అంగీ ఎలా కుట్టాలో దేవుడు చెప్పే చోటు వచ్చింది. మెడ చీలిక చిరక్కుండా దాని చుట్టూ అంచు గట్టిగా నెయ్యాలట. ఆమె కుర్చీలోంచి లేచి గోడ తట్టింది.

"టీచరమ్మా! దేవుడికి పని తెలుసు!"

"ఏం పని?"

"మెడ చీరితే అంచు కట్టాలని తెలుసు. మన మాస్టరుకి ముప్ఫై ఏళ్ళకీ చెప్పాల్సొచ్చేది."

దావీదు దగ్గరికి వచ్చేసరికి ఏడాది దాటింది. తనని చంపడానికి తిరుగుతున్న రాజు ఒంటరిగా గుహలోకి వచ్చాడు. దావీదు చీకట్లో వెనకే ఉన్నాడు, చేతిలో కత్తి ఉంది. కాజాలమ్మ ఊపిరి బిగబట్టి చదివింది. అతను చేసిందల్లా రాజు అంగీ చెంగు కోసుకోవడం. పైగా అయ్యో కోశానే అని బాధపడ్డాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఆమె రాసుకున్న వాక్యం: "ఇతను వట్టి వెర్రివాడు." విని టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది గానీ దిద్దలేదు.

కొన్నాళ్ళకి ఆ దావీదే రాజయ్యాడు, రాజయ్యాక ఇంకొకడి భార్యని తెచ్చుకుని, ఆ మొగుణ్ణి చంపించి కప్పిపుచ్చుకున్నాడు. అప్పుడు ఒక ప్రవక్త వచ్చి రాజుకి ఒక కథ చెప్పాడు. ఎవడో ధనవంతుడు బీదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లని లాక్కున్న కథ. రాజు మండిపడి అలాంటివాడికి శిక్ష పడాల్సిందే అన్నాడు. ఆ మనిషివి నువ్వే అన్నాడు ప్రవక్త.

కాజాలమ్మ ఆ పేజీ రెండుసార్లు కాదు, అయిదుసార్లు చదివింది. ఎర్ర దారం మూడు పేటలు వేసి పెట్టింది.

ఆ చర్చిలో బుధవారం సాయంత్రాలు హాల్లో ఒక కూటం జరిగేది. వారానికొకరు లేచి తాము చదివింది చెప్పాలి. కాజాలమ్మ పాస్టరు దగ్గరికెళ్ళి వచ్చే బుధవారం తను చెబుతానంది. ఆయన వయసులో చిన్నవాడు, నెమ్మదస్తుడు. సంతోషంతో ఉబ్బితబ్బిబ్బై, "ఎంత మార్పు అక్కా!" అన్నాడు. నిజమే, మార్పే అనుకుంది ఆమె.

బుధవారం హాల్లో ముప్ఫైమంది దాకా ఉన్నారు. ముందు వరసలో మాస్టరు. చివర్లో మేడం. టీచరమ్మని కాజాలమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మధ్యలో కూచోబెట్టింది. "నాకు కనపడదు గానీ వినపడాలి, గట్టిగా చెప్పు" అంది ఆవిడ.

కాజాలమ్మ రూళ్ళ పుస్తకం తెరిచి, రాజు సంగతి, ప్రవక్త సంగతి చెప్పింది. అందరూ బుద్ధిగా తలలూపారు. "ఇది చదివాక నాకు తెలిసిన ఒక కథ గుర్తొచ్చింది, అదీ చెబుతాను" అంది. ఒక ఊళ్ళో పేరుమోసిన రొట్టెలవాడు ఉన్నాడు. ఒక పెళ్ళికి చెయ్యాల్సిన పెద్ద రొట్టెని ఏమరుపాటున మాడ్చేశాడు. పొయ్యి దగ్గర బూడిదెత్తే మనిషి చూసింది. చూసి కూడా ఎవరితోనూ అనలేదు. తెల్లారేసరికి వాడు రొట్టెని ఏట్లో పారేసి, ఆమే దొంగిలించి తిన్నదని చెప్పాడు. అందరూ నమ్మారు.

"అలాంటివాణ్ణి ఏం చెయ్యాలి?" అని అడిగి, ఆమె నేరుగా ముందు వరసకేసి చూసింది. "మాస్టారూ, పెద్దవాళ్ళు మీరే చెప్పాలి."

ముప్ఫై జతల కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. చెప్పకపోతే ఒక తంటా, చెబితే ఒక తంటా. గొంతు సవరించుకుని, అందరికన్నా గట్టిగా, "పదిమందిలో నిలబడి ఒప్పుకోవాలి" అన్నాడు.

"అయితే నిలబడండి."

హాలంతా గోలైపోయింది. పాస్టరు "అక్కా, ఇదేమిటి" అంటూ లేచాడు. మాస్టరు చెయ్యి ఊపుతూ, "చూశారా, ఇంకా ఆ అబద్ధమే పట్టుకుని వేలాడుతోంది" అన్నాడు. కాజాలమ్మ గొంతు పెంచలేదు. దీనికోసం ఏడాదిన్నర ఆగింది, ఇంకొక్క నిమిషం ఆగగలదు.

"మీరు లేసు పొట్టిగా కోశారు. జానెడు పొట్టి."

"అబద్ధం!"

"జానెడు. మీకు చెయ్యి వణుకుతోంది, చూపు ఆనడం లేదు. కుట్టు నేర్చుకోవడానికొచ్చిన పిల్ల కూడా జానెడు తప్పు కొయ్యదు."

"జానెడెక్కడ?" మాస్టరు బెంచీ మీంచి ఎగిరి లేచాడు. "నాలుగు వేళ్ళు! నాలుగు వేళ్ళే!"

టీచరమ్మ పక్కామెని పొడిచి, "ఏమన్నాడు? నాలుగు వేళ్ళన్నాడా?" అని హాలంతా వినపడేలా అడిగింది.

పద్దెనిమిదేళ్ళు ఆ మనిషిని ఎదురుగా కూచుని చూసింది కాజాలమ్మ. దొంగ అన్నా పడతాడు, తాగుబోతు అన్నా పడతాడు, కొలత తప్పాడంటే మాత్రం పడడు. దావీదు కథ ఆమెకు దారి చూపించింది గానీ, ఆ జానెడు మాత్రం పూర్తిగా ఆమె సొంతం.

మేడం చివరి వరసలోంచి నడిచి వచ్చి, "లేసంతా ఎక్కడ మాస్టారూ?" అంది.

"కాల్చేశాను" అన్నాడాయన. నిలబడే ఉన్నాడు. తనే చెప్పిన తీర్పు ప్రకారం పదిమందిలో నిలబడ్డాడు.

ఆ సాయంత్రం టీచరమ్మ చెయ్యి పట్టుకుని ఊపుకుంటూ కాజాలమ్మ ఇంటికి నడిచింది. ఆకలి తెలిసి తిన్నది. మర్నాడు పొద్దున్న భర్త మొదటి బస్సుని మాస్టరు ఇంటి ముందు నిలిపి మూడుసార్లు హారను కొట్టి వెళ్ళాడని తర్వాత తెలిసి, ఆయన్ని కేకలేస్తూనే లోలోపల మురిసిపోయింది. మాస్టరు పని పోయింది, పెద్దరికం పోయింది. మేడం స్వయంగా ఇంటికొచ్చి మళ్ళీ రమ్మంది. కాజాలమ్మ తన సంచి తెచ్చి ఆవిడ ముందు బల్ల మీద బోర్లించింది. "ముందు చూసుకోండి మేడం. మళ్ళీ అనుమానం రాకూడదు." మేడం తల దించుకుని, దొర్లిన వస్తువులన్నీ తన చేత్తోనే ఏరి సంచిలో పెట్టింది. అప్పుడు చెప్పింది కాజాలమ్మ: ఆ గదిలోకి రాను, కోట్లు ఇంటికి పంపితే కుడతాను.

ఇక చదవాల్సింది ఏముంది? అయినా అలవాటు కొద్దీ పేజీ తిప్పింది. అక్కడ ఆ దావీదు రాజు, నేను పాపం చేశాను అని ఒక్క మాట అన్నాడు. అనగానే ప్రవక్త, నీకు చావు లేదు, దేవుడు క్షమించాడు అనేశాడు. తర్వాత రాజుకి కష్టాలు రాబోతున్నాయని ఉంది గానీ ఆమె అక్కడిదాకా ఆగలేదు. ఒక్క మాటకే! ఇంకొకడి కొంప కూల్చినవాడికి, ఒక్క మాట అన్నందుకే! ఆమె పుస్తకం చప్పుడయ్యేలా మూసి బీరువా మీద పెట్టేసింది.

నాలుగు రోజులు పోయాక టీచరమ్మ గోడ తట్టింది. "గొంతు వినపడదేం?"

"చదవడం లేదు. నా పని అయిపోయింది."

"అద్దె కత్తెరలాగా వాడుకుని పడేశావన్నమాట."

"అవును. తప్పా?"

"నాకేం తెలుసు. నాకు మాత్రం పొద్దున్నే తోచడం లేదు" అని ఆవిడ వెళ్ళిపోయింది.

తోచకపోవడం కాజాలమ్మకీ ఉంది. తలుపు చప్పుడుకి మెలకువ వచ్చేది. చెయ్యి దానంతటది బల్ల తుడిచేది. తుడిచాక ఆ పావుగంటలో ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఒక కాజా ఎక్కువ కుట్టి చూసింది, కుదరలేదు. ఏడాదిన్నరగా రోజూ ఎవరితోనో దెబ్బలాడుతూ వచ్చింది, ఇప్పుడు అవతలి మనిషి ఊళ్ళో లేనట్టుంది. పందొమ్మిదో రోజున బీరువా మీంచి పుస్తకం దింపి, "నువ్వు చేసింది నాకు నచ్చలేదు" అని దానికే చెప్పి, ఆపిన చోట మొదలుపెట్టింది. గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

ఆ చలికాలంలో మాస్టరు భార్య తలుపు తట్టింది. మాస్టరు ఇంట్లోనే ఒకటీ అరా కోట్లు కోస్తున్నాడట. కాజాలు కుట్టేవాళ్ళు ఎవరూ ఒప్పుకోవడం లేదట. సంచిలోంచి తీసిన కోటు చంక మలుపు చూడగానే అది ఎవరి చెయ్యో కాజాలమ్మకి తెలిసింది. అంత అందంగా ఇంకెవరూ కొయ్యలేరు. ఆ సంగతికి కూడా ఆమెకు కోపమొచ్చింది.

"కుడతాను. కానీ పట్టుకెళ్ళడానికి ఆయనే రావాలి."

గురువారం పొద్దున్నే వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. ఆమె చదువుతోంది. లోపలికి రమ్మనలేదు, చదవడం ఆపలేదు, తొందరపడనూ లేదు. మిగిలింది చదివి, రెండోసారి కూడా చదివి, ఒక్క వాక్యం రాసి, కలం మూత పెట్టి అప్పుడు లేచింది. ఆయన పావుగంటా గుమ్మం బయట నిలబడే ఉన్నాడు. ఆ నిలబడడం చూస్తూ చదివిన ఒక్క ముక్కా ఆమె తలకెక్కలేదు, అది వేరే సంగతి.

కోటు అందుకుని, మాస్టరు కదల్లేదు. "నన్ను క్షమించు" అన్నాడు.

"ఇంకా అంతదాకా రాలేదు" అంది కాజాలమ్మ.

"ఏమిటి?"

"నేను వరసగా చదువుతున్నాను. ఇంకా రాజుల దగ్గరే ఉన్నాను. క్షమించమనే చోటు చాలా ముందుందట, టీచరమ్మ చెప్పింది. రోజుకి పావుగంటే. వచ్చాక చెబుతాను."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం కనపడలేదు. "సరే" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నెలకి రెండు గురువారాలు వచ్చేవాడు. కోటు ఇచ్చేవాడు, కోటు తీసుకునేవాడు, వెళ్తూ వెళ్తూ "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేవాడు. "యోబు" అనేది. ఇంకోసారి "యెషయా. చాలా పొడుగు" అనేది. నిజానికి ఆమె నెమ్మది చేసింది కూడా. కొన్ని పేజీలు కావాలనే నాలుగుసార్లు చదివింది. ఆయన్ని ఎదురుచూడనివ్వడంలో ఉన్న రుచి ఆమె దాచుకోలేదు. ప్రార్థనలో కూడా చెప్పేసింది, నాకిది బావుంది ప్రభువా అని. టీచరమ్మ మాత్రం, "నేను బతికుండగా సువార్తలకి చేరుకుంటావా?" అని విసుక్కునేది.

అలా రెండేళ్ళు పోయాక మత్తయి సువార్త వచ్చింది. ఒక బుధవారం పొద్దున్న ఆ చోటు రానే వచ్చింది. తప్పు చేసిన సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని శిష్యుడు అడిగాడు. ఏడు కాదు, డెబ్భై సార్లు ఏడు అని వచ్చిన జవాబులోని లెక్క చదివి ఆమె వేలు ఆగిపోయింది. మళ్ళీ చదివింది. పుస్తకం మూసి, కలం పట్టుకుని చాలాసేపు కూచుంది. కిటికీ అవతల టీచరమ్మ దగ్గింది. చివరికి ఆ రోజు వాక్యం రాసింది: "ఒకేసారి అయిపోయే పని కాదని ఈయనకీ తెలుసు."

మర్నాడు మాస్టరు వచ్చి ఎప్పటిలాగే అడిగాడు.

"వచ్చింది" అంది కాజాలమ్మ.

ఆయన చేతిలోని సంచి కింద పెట్టాడు.

"చదివాను. ఇష్టం లేదు. అయినా ఇవాళ్టికి క్షమించాను."

"ఇవాళ్టికా?"

"ఇవాళ్టికే. పొద్దున లేచేసరికి మళ్ళీ కడుపు మండుతుంది, నా సంగతి నాకు తెలుసు. రేపటిది రేపు చూడాలి."

మాస్టరు కోటు తీసుకుని, మెట్ల మీద ఒకసారి ఆగి, వెళ్ళాడు.

శుక్రవారం తెల్లవారుతూనే తలుపు చప్పుడైంది. భర్త ఏదో మర్చిపోయి వచ్చాడనుకుని తీసింది. మాస్టరు. సంచి లేదు, కోటు లేదు. గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాజాలమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఇవాళ ఇంకా చదవలేదు. ఆగండి" అని లోపలికెళ్ళి బల్ల తుడిచింది.